బల్ల కింది మిషన్‌ను నేనే ఎంచుకున్నాను

మా రౌటర్ కొబ్బరినీళ్లు పడి కాలిపోయింది. నా చెయ్యి తగిలి కాదు. ఈ మాట మా చుట్టాల్లో సగంమంది ఇప్పటికీ ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మానె, వాళ్ల ఒప్పుకోలు కోసం నేనేం ఇన్నేళ్లూ కాచుకుని కూర్చోలేదు. కానీ జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా. వాళ్లు రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది పటాలు కట్టే పని. ఆబిడ్స్‌లో ఒక సందు మొదట్లో చిన్న దుకాణం, నాంపల్లి స్టేషన్ వెనక కార్ఖానా. దుకాణంలో మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, గల్లా దగ్గర కూర్చునేవాడు. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, పిల్లల డిగ్రీ పట్టాలు, ఏది తెచ్చినా ఫ్రేము కట్టి ఇచ్చేవాళ్లం. ఆ ఫ్రేములకు కావలసిన టేకు పట్టీలు నాంపల్లిలో తయారయ్యేవి. కార్ఖానా అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, ఒక కిటికీ, గోడకు ఆనించిన కర్ర, మధ్యలో ఒక బల్ల. రైలు వచ్చినప్పుడల్లా రేకులు గడగడలాడేవి.

ఆ బల్ల నాయన చేసింది. కూలగొడుతున్న ఒక హవేలీ తలుపు కొనుక్కొచ్చి, దాని చెక్కతో చేశాడు. నడిమధ్యన అరచేయి పట్టేంత రంధ్రం. ఆ రంధ్రం కింద రౌటర్‌ను తలకిందులుగా బిగించాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: రౌటర్ అంటే మొనకు పదునైన కట్టర్ బిగించిన కరెంటు మోటారు. కట్టర్ గిర్రున తిరుగుతూ కర్రలో గాడి తీస్తుంది. వడ్రంగులు దాన్ని రెండు పిడులు పట్టుకుని కర్ర మీద నడిపిస్తారు. సన్నటి ఫ్రేము పట్టీ మీద అలా నడపడం కుదరదు. అందుకని నాయన దాన్ని తిరగేసి బల్ల కింద వేలాడదీశాడు. కట్టర్ మొన ఒక్కటే పైకి తొంగి చూస్తుంది. మిషన్ కదలదు, కర్రే కదులుతుంది. పట్టీని అడ్డచెక్కకు ఆనించి తోసుకుంటూ పోతే అంచు మీద వంపులు దిగుతాయి.

కట్టర్లు కూడా నాయన స్వయంగా సాన పట్టినవే. బజారులో దొరికే కట్టర్‌తో బజారు పట్టీయే వస్తుందని ఆయన వాదన. ఒక్కో కట్టర్‌కూ ఒక పేరుండేది: గవ్వ, మామిడిపిందె, మెట్లు, ఏనుగు తొండం. గవ్వ పట్టీ కావాలని హిమాయత్‌నగర్ నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ వంపు ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. నాయన దగ్గర పెద్ద చదువు లేదు, ఆస్తి లేదు, ఈ కట్టర్లే ఉండేవి. వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో, నూనెగుడ్డలో చుట్టి దాచుకునేవాడు.

నాకు ఇరవై దాటిన కొత్తలో ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. దవాఖాన చుట్టూ తిరిగాం, మందులు వాడాం, తగ్గలేదు. వణికే చేతులతో ఆ కట్టర్ దగ్గరికి పోతే వేళ్లు మిగలవు. కొన్నాళ్లు ఒక మేస్త్రీని పెట్టారు. అతను పట్టీని రైలుకు టైమైపోతున్నట్టు తోసేవాడు, అంచులు పెచ్చులు లేచేవి. అతను మానేసిన మర్నాడు నేను పోయి బల్ల ముందు నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు. మెట్రిక్ పాసై ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాను, అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అన్నదమ్ములు లేరు. నాయన పక్కన స్టూలు మీద కూర్చుని నోటితో చెప్తుంటే నేను తోశాను.

"జర ఆగు. ఊపిరి తీస్కో. ఇగ తొయ్యి. నడుమ మాత్రం ఆపకు బిడ్డా, ఆపితే కర్ర కాలుతది."

మొదటి వారం కర్ర కాలింది కూడా. తర్వాత కాలలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి నాయన స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు. నాకు అంతకు మించిన మెప్పు అక్కర్లేకపోయింది.

చుట్టాలు ఊరుకుంటారా? ఆడపిల్ల మిషన్ మీద పనిచేస్తే ఇక సంబంధాలేం వస్తాయన్నారు. జుట్టు మోటారులో పడుతుందన్నారు. నిజానికి నేను జుట్టు ముడేసి, కొంగు నడుముకు చుట్టి, పైన నాయన పాత చొక్కా తొడుక్కునేదాన్ని. ఆ చొక్కా చూసి ఇంకో రెండు మాటలు ఎక్కువ అన్నారు. చిన్నాయన మాత్రం ఏమీ అనలేదు, ఎందుకంటే పట్టీలు బాగా వస్తున్నాయి. కానీ దుకాణంలో ఎవరైనా పట్టీ ఎవరు చేశారని అడిగితే "మా మేస్త్రీ" అనేవాడు. నేను పక్కనే ఉన్నప్పుడు కూడా అలాగే అనేవాడు. ఒళ్లు మండిపోయేది.

ఇక ఆ దసరా సంగతి. డెబ్బైలు మొదలైన కాలం. మా ఇంట్లో ఆయుధపూజ కార్ఖానాలోనే చేసేవాళ్లం. రంపాలు, ఉలులు, చిత్రికలు కడిగి తుడిచి బల్ల మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసేవాళ్లం. కొబ్బరికాయ బయట గడప రాయి మీద కొట్టేవాడు నాయన. ఆ ఏడు నాయన చేతులు మరీ వణుకుతున్నాయని కాయ చిన్నాయన అందుకున్నాడు. బయటికి పోలేదు. బల్ల మూలకేసి కొట్టాడు. రెండు చిప్పల్లో నీళ్లు పట్టుకుని, కొంత ఉలుల మీద చల్లి, మిగిలినవి నడిమధ్య రంధ్రం మీదికి తెచ్చాడు.

"చిన్నాయినా, గాడ పొయ్యకు. కింద మోటరున్నది" అన్నాను.

"మిషన్ తల్లికి కూడ జర పొయ్యాలె కద. పూజ కాడ అడ్డం మాట్లాడొద్దు" అన్నాడు.

పోశాడు. కట్టర్‌కు పెట్టిన కుంకుమ, పసుపు, కొబ్బరినీళ్లు కలిసి రంధ్రంలోంచి కిందికి దిగిపోయాయి. నేను గుడ్డ తీసుకుని వంగబోతే చిన్నమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. పూజ చేసిన పనిముట్టును ఆ పూట ముట్టకూడదు. మర్నాడు కూడా మా ఇంట్లో పని పట్టరు. అందరం కార్ఖానాకు తాళం వేసి, జమ్మి ఆకు పంచుకోవడానికి ఇంటింటికీ తిరిగాం. పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతున్నానే గానీ నా మనసంతా ఆ మోటారు మీదే ఉంది.

పండగ గడిచాక స్విచ్ వేసింది నేను. ఎర్రగా ఒక మెరుపు, చిటపటమని చప్పుడు, కమురు వాసన. తెల్లటి పొగ బల్ల రంధ్రంలోంచి లేచింది. స్విచ్ ఆపేలోపే అంతా అయిపోయింది. విదేశీ మిషన్ అది, నాయన వేలంలో పాడుకుని తెచ్చుకున్నది. నేను పుట్టినప్పటి నుంచీ ఇంట్లో మనిషిలా ఉన్నది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అందులో దాచడానికేముంది?

సాయంత్రానికి సుల్తాన్ బజార్ వెనకున్న మా ఇంట్లో పంచాయితీ పెట్టారు. ఎవరి నోటా కొబ్బరినీళ్ల మాట రాలేదు. స్విచ్ వేసిందెవరు? నేను. ఇంకేం, తేలిపోయింది. చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చెవి దగ్గర అడిగింది.

"బిడ్డా, నిజం చెప్పు. నువ్వు బయట గిట్ల ఉన్నవా?"

ఆవిడ గుసగుసగా అడిగింది. నేను అందరికీ వినబడేలా చెప్పాను. "లేను చిన్నమ్మా. ఉన్నా గూడ మిషన్‌కు ఏం తెలుస్తది? కొబ్బరినీళ్లు పోస్తె మాత్రం తెలుస్తది."

హాల్లో కూర్చున్న మగవాళ్లు ఒక్కసారిగా గొంతులు సవరించుకున్నారు. ఇంత సిగ్గులేని పిల్లను చూడలేదని ఒకాయన లేచి వెళ్లిపోయాడు. ఆయన మా ఇంట్లో తాగిన చాయ్ గ్లాసు నేనే కడిగాను, ఆ మాట కూడా రాసి పెడుతున్నాను.

చిన్నాయన అప్పటికే ఆలోచించి పెట్టుకున్నట్టుంది. పాత మిషన్ పోవడమే మంచిదైంది, ఇప్పుడు బొంబాయి నుంచి తయారు పట్టీలు వస్తున్నాయి, బంగారు రంగు పూసి మరీ ఇస్తున్నారు, తెచ్చుకుని కోసి కట్టడమే అన్నాడు. కార్ఖానాను పండ్ల వ్యాపారి ఎవరో గోదాముగా కిరాయికి అడుగుతున్నాడట. బల్లను కట్టెల కింద అమ్మేయొచ్చునట. నన్ను గురించి ఏం చెప్పలేదు. చెప్పనవసరం లేదు కూడా. బల్ల పోతే నేను వంటింట్లోకి, అక్కడి నుంచి ఎవరో ఒకరింటికి.

నాయన వైపు చూశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. వణుకు కనబడకూడదనుకున్నప్పుడు అలా కూర్చునేవాడు. ఆయన నోరు విప్పడేమోనని భయమేసింది.

"కొత్త మిషన్ నేను సూసి తెస్తా. దీపావళి దాంక టైమియ్యున్రి" అన్నాను.

చిన్నాయన నవ్వాడు. "నువ్వు తెస్తవా? తెచ్చినంక గది గూడ కాలిపోతే?"

"నేనెన్నడు కార్ఖానాల అడుగు పెట్ట. బల్ల మీరే అమ్ముకోన్రి."

"మాట మీద ఉంటవా?"

"ఉంటా. నువ్వు గూడ ఉండాలె."

అప్పుడు నాయన నోరు విప్పాడు. "పైసలు నేనిస్తా. నువ్వే పొయ్యి ఎంచుకో. నీ చేతికి ఏది కుదురుతదో నాకేం ఎరుక?" అన్నాడు. ఆ మాట నాకు కొండంత అండ అయింది. తాను తోడు వస్తానని కూడా అనలేదాయన. అందుకు ఇంకా సంతోషించాను.

మొదట కాలిన మోటారును విప్పి, గోనెసంచిలో వేసుకుని గౌలిగూడ పోయాను. బస్టాండు దగ్గర మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణాలు వరసగా ఉండేవి. ఒకాయన విప్పి చూసి, తల పైకెత్తి నన్ను చూశాడు.

"ఏందమ్మా, మోటర్ల కుంకుమ పోసిన్రా?"

లోపల రాగితీగ చుట్టల నిండా ఎర్రటి జిగురు, దానికి అంటుకుని కొబ్బరి పీచు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీగ మళ్లీ చుట్టి ఇస్తాను గానీ బేరింగులు కూడా అరిగిపోయాయి, ఆ కంపెనీ సామాను ఇప్పుడు దొరకడం లేదు, నడిస్తే మీ నసీబు అన్నాడు. నసీబు మీద పందెం కట్టే స్థితిలో లేను నేను. తీగచుట్ట విప్పించి, పేపర్లో పొట్లం కట్టించుకుని నేరుగా ఆబిడ్స్ దుకాణానికి పోయి గల్లా మీద పెట్టాను.

చిన్నాయన పొట్లం విప్పి చూశాడు. "గా కుంకుమ నీ బొట్టుది గూడ కావొచ్చు" అన్నాడు.

"నా బొట్టు నా నొసట ఉంటది చిన్నాయినా, బల్ల కింద కాదు."

మనుషులు కళ్లతో చూసి కూడా నమ్మకుండా ఉండగలరని ఆ రోజు తెలిసింది. తెలిశాక చాలా హాయిగా అనిపించింది. ఇక ఎవరినీ నమ్మించే పని లేదు. మిషన్ దొరికితే చాలు.

ఆ రోజుల్లో కరెంటు పనిముట్లు అమ్మే దుకాణాలు మనకు ఎన్నో ఉండేవి కావు. ఆబిడ్స్‌లో పెద్ద రోడ్డు మీద ఒక సేఠ్ దుకాణం ఉండేది. అద్దాల అల్మారాల్లో డ్రిల్లింగ్ మిషన్లు, గ్రైండర్లు దేవుడి విగ్రహాల్లా పెట్టి ఉండేవి. బయట డబల్ డెక్కర్ బస్సు పోతే అద్దాలన్నీ జిల్లుమనేవి. నేను చేతిరుమాల్లో గవ్వ కట్టర్‌ను చుట్టుకుని వెళ్లాను. దుకాణంలో అందరూ మగవాళ్లే. సేఠ్ నన్ను చూసి ఇస్త్రీ పెట్టెలు చూపించబోయాడు.

"రౌటర్ కావాలె" అన్నాను.

"ఎవరికి బేటీ?"

"నాకే."

సేఠ్ మంచివాడే. ఒక నిమిషం తటపటాయించి, మధ్య అల్మారాలోంచి నల్లగా నిగనిగలాడే పెద్ద విదేశీ మిషన్ దించాడు. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావలసి వచ్చారు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో ఇదే వాడతారని, దీని ముందు ఏ కర్రా నిలవదని చెప్పాడు. నేను వినలేదు, చూస్తున్నాను. దాని ఒళ్లు పలకలు పలకలుగా ఉంది. మిషన్‌ను బిగించడానికి నాయన బల్ల కింద పెట్టిన ఇనుప పట్టా గుండ్రటిది. గుండ్రటి పట్టాలో పలకల మిషన్ కూర్చోదు.

"జర తిరగేసి పట్టుకోన్రి" అన్నాను.

"ఉల్టా ఎందుకు?"

"మా దాంట్ల ఉల్టానే నడుస్తది."

తిరగేశారు. తిరగేసి చూస్తే గాలి కంతలన్నీ పైకి వచ్చాయి. ఆ కంతల్లోకి రోజూ కర్రపొట్టు రాలుతూనే ఉంటుంది, కొబ్బరినీళ్లు పోసే చిన్నాయన కూడా అక్కర్లేదు. చివరికి రుమాలు విప్పి కట్టర్ పెట్టి చూశాను. కట్టర్‌ను పట్టి ఉంచే దాని చక్ మరీ వెడల్పు. నాయన కట్టర్ కాడ అందులో గలగలలాడింది. ఆ మిషన్ కొంటే బిస్కెట్ డబ్బాలో ఉన్న కట్టర్లన్నీ పారేసుకోవాలి. గవ్వ పోతుంది, పిందె పోతుంది, మాకూ బజారు పట్టీకీ తేడా ఉండదు. అలాంటప్పుడు చిన్నాయన బొంబాయి పట్టీలే నయం.

"గిది వద్దు. వేరేవి చూపియ్యున్రి" అన్నాను.

ఒకటి తర్వాత ఒకటి దించాడు. నేను ఒకటి తర్వాత ఒకటి తిరగేయించాను. ఒకదానికి స్విచ్ పిడిలోనే ఉంది, బల్ల కిందికి దూరి నొక్కాలి. ఒకదానికి కట్టర్ ఎత్తు సరిచేసే మర పై నుంచి అందదు. దుకాణంలో పని ఆగిపోయింది. గోడకు ఆనుకుని చూస్తున్న కంట్రాక్టరు ఒకాయన ఉండబట్టలేకపోయాడు.

"ఎందుకమ్మా గింత పరేషాన్? మీ ఇంట్ల మగోళ్లను తోలియ్యి. వాళ్లు సూస్కుంటరు."

"మా ఇంట్ల మగోళ్లు సూసుకున్నందుకే మొన్న మిషన్ కాలింది సాబ్."

సేఠ్ దగ్గుతున్నట్టు నటించాడు గానీ నవ్వాడు. కానీ అల్మారాలు ఖాళీ అవుతున్నాయి, నాకు కావలసింది దొరకడం లేదు. వట్టి చేతులతో ఇంటికి పోతే చిన్నాయన ముఖం ఎలా వెలిగిపోతుందో కళ్లకు కట్టింది. అప్పుడే అన్నిటికంటే కింది అరలో, మూలకు తోసేసిన బూడిదరంగు మిషన్ కనబడింది. దుమ్ము పట్టి ఉంది. ఒక పిడి మొదలంటా విరిగింది.

"అదేంది?"

"అది వాపస్ వచ్చింది బేటీ. ఎవరో కింద పడేసి పిడి విరగ్గొట్టిన్రు. అసలే చిన్న మోటరు, మన దేశంలనే తయారైంది. గది నీకు అమ్మితే నా దుకాణం పేరు పోతది."

"పిడితోని నాకు పని లేదు. ఉన్న ఇంకో పిడి గూడ నేనే ఊడదీస్తా. దించున్రి."

దించాడు. ఒళ్లు చెంబులా గుండ్రంగా ఉంది. చక్‌లో కట్టర్ పెడితే నాయన దానికోసమే సాన పట్టాడా అన్నట్టు కూర్చుంది. చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాను, గరగర లేదు. కరెంటు ఇప్పించి, తిరగేసి పట్టుకోమని, కట్టర్ పక్కన పేపరు ముక్క పెట్టాను. పేపరు పైకి ఎగిరి కంట్రాక్టరు చొక్కా మీద పడింది. అంటే గాలి కింది నుంచి పీల్చుకుని పైకి ఊదుతోంది. తిరుగుతున్నంతసేపూ పొట్టును తనే తోసేసుకుంటుంది. మోటారు చిన్నదన్న మాట నిజమే. పాత మిషన్ ఒక్క తోపులో తీసే వంపును ఇది మూడు తోపుల్లో తీస్తుంది. తీయనీ, నాకేం రైలు పోతోందా?

"గిదే కావాలె" అన్నాను.

సేఠ్ ఇవ్వనన్నాడు. ఇంటికి పోయి ఆలోచించుకో, పెద్దవాళ్లను అడుగు అన్నాడు. ఆయన మంచికే చెప్పాడు, కానీ నాకు కోపం వచ్చింది. పెద్ద మిషన్ అడిగి ఉంటే ఎవరినీ అడగమనేవాడు కాదు. నాయన ఇచ్చిన డబ్బు తీసి సేఠ్ కౌంటరు మీద పెట్టి, బిల్లు నా పేరు మీద రాయమన్నాను. మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని రిక్షాలో నాంపల్లి వచ్చేశాను. దారి పొడుగునా నాలో నేనే వాదించుకుంటున్నాను, విరిగిన మిషన్‌ను నా చేతులారా కొని తెచ్చుకున్నాను, ఇది గనక కాలిపోతే ఈ రోడ్డు మీద మళ్లీ తలెత్తుకు తిరగలేను. నాకు భయమనేదే లేదని ఇప్పుడు గొప్పలు పోవచ్చు. ఆ రోజు మాత్రం ఉంది.

నాయన మిషన్‌ను చూశాడు. విరిగిన పిడిని చూశాడు. వేలితో కట్టర్‌ను తిప్పి చూశాడు.

"ఛోటాగున్నది" అన్నాడు.

"ఔ నాయనా. మూడుసార్లు తోస్త."

"నువ్వు తోసేదానివి. నీ ఇష్టం."

పట్టాలో కాస్త వదులయింది. సైకిల్ ట్యూబు ముక్క కోసి లోపల చుట్టి బిగించాను. రంధ్రానికి సరిపోయేలా టేకుతో ఒక మూత చేశాను, పని లేనప్పుడు పెట్టడానికి. ఆ తర్వాత ఏ దసరాకూ ఆ బల్ల దగ్గర ఎవరినీ కాయ కొట్టనివ్వలేదు. బొట్టు పెట్టుకోనిచ్చాను, దండ వేసుకోనిచ్చాను, నీళ్లు మాత్రం గడప దాటి లోపలికి రానివ్వలేదు. అమ్మవారికి కోపం వచ్చినట్టు ఎక్కడా కనబడలేదు.

ముందు పనికిరాని కర్ర మీద చేసి చూశాను. తర్వాత టేకు పెట్టాను. మొదటి తోపులో గీత పడింది, రెండో తోపులో వంపు తిరిగింది, మూడో తోపుకు గవ్వ నున్నగా బయటికి వచ్చింది. నెమ్మదిగా తీయడం వల్ల పాత మిషన్ కంటే శుభ్రంగా వచ్చింది. ఉప్పు కాగితం పెద్దగా రుద్దే పని కూడా లేకపోయింది. నాయన పట్టీని చెంపకు ఆనించుకుని చూశాడు. చేతులు వణుకుతున్నాయి కదా, నునుపు ఆయనకు చెంపకే తెలిసేది.

దీపావళి ఇంకా రానే లేదు. నేను దుకాణానికి గవ్వ పట్టీలు తీస్తుండగా తలుపు దగ్గర చిన్నాయన కనబడ్డాడు. వెనక తెల్లటి ధోతీలో పండ్ల వ్యాపారి. గడువు లోపలే గోదాము చూపించడానికి తీసుకొచ్చాడన్నమాట. చేతిలో కొత్త ఇత్తడి తాళం, దారంతో కట్టిన రెండు తాళంచెవులు. మాట మీద ఉంటావా అని నన్నడిగిన మనిషి ఈయనే.

"ఆపు. సేఠ్ కమ్రా సూస్తడు" అన్నాడు.

నేను ఆపలేదు. పట్టీ సగంలో ఉంది. చివరిదాకా తోశాను. పొట్టు ఎగిరి ఆ ధోతీ మీద పడింది. పట్టీని పక్కన పెట్టి ఇంకొకటి అందుకున్నాను.  మిషన్ నా కోపాన్ని పట్టించుకోకుండా గుయ్యిమని తిరుగుతోంది.

వ్యాపారి నా చొక్కా చూశాడు, బల్ల చూశాడు, గోడకు ఆనించిన పట్టీలు చూశాడు.

"కమ్రా ఖాలీ అన్నరు గద?" అని చిన్నాయనను అడిగాడు.

"ఖాలీ అయితది సేఠ్. దీపావళికి..."

"కాదు సేఠ్" అన్నాను మిషన్ చప్పుడు మించి. "ఖాలీ కాదు. గీడ నేను పనిచేస్తున్న. దుకాణంల మీరు సూసిన ఫ్రేములన్ని నేను చేసినయే. మేస్త్రీ ఎవ్వడు లేడు."

ఆ మాట ఇన్నేళ్లలో మొదటిసారి బయటివాళ్ల ముందు అన్నాను. చిన్నాయన ముఖం కందిపోయింది. వ్యాపారి ధోతీ దులుపుకున్నాడు. నడుస్తున్న పనిని మూయించి అక్కడ సరుకు పెడితే తనకు బర్కత్ ఉండదని, కలిసిరాదని, ఇంకో చోటు చూసుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ నన్ను తరిమిన నమ్మకాల్లో ఒకటి ఆ రోజు పొరపాటున నా వైపు వచ్చి నిలబడింది. రాకపోయినా నేను కదిలేదాన్ని కాదు.

చిన్నాయన పోలేదు. అలాగే నిలబడి మిషన్ వైపు చూస్తున్నాడు, ఇప్పుడు కాలుతుంది, ఇంకాసేపట్లో కాలుతుంది అన్నట్టు. నేను పట్టీ మీద పట్టీ తీశాను. ఒకటి, రెండు, మూడు తోపులు. పొగ రాలేదు, వాసన రాలేదు. ఆ మిషన్ ఆ రోజే కాదు, ఏళ్ల తరబడి కాలలేదు. నాయన పోయాక కూడా నడిచింది. చివరికి అది అరిగిపోతే, ఇంకోటి నేనే వెళ్లి తిరగేసి చూసి తెచ్చుకున్నాను.

చాలాసేపటికి ఆయన కదిలాడు. తాళం చేతిలో బరువయిందేమో, తాళంచెవులతో సహా బల్ల చివర పెట్టి బయటికి నడిచాడు. గడప దగ్గర గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

"తాళం..." అన్నాడు.

"మంచిగున్నది చిన్నాయినా. ఉండనియ్యి. కార్ఖానాకు పాతది తుప్పు పట్టింది."

ఆ సాయంత్రం నాయనను ముందు నడవమని, తలుపు మూసి ఆ తాళమే వేశాను. రెండు తాళంచెవులూ కొంగుకు ముడేసుకున్నాను. ఇంట్లో ఒక తాళంచెవి తన దగ్గర కూడా ఉండాలని చిన్నాయన ఆ ఏడంతా అడిగాడు. ఇవ్వలేదు.